అరలోకి వెళ్లని పుస్తకాలు

నోటీసు కన్నడంలో ఉంది. ఎనిమిది వాక్యాలు. నేత్రావతి దాన్ని రెండుసార్లు చదివింది.

కోలారు బంగారు గనుల ఉరిగాం వైపు, కార్మికుల ఇళ్ల వరుసలైన లైన్ల మధ్య ఉన్న ఆ గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలు రెండు వందల పద్నాలుగు. నాలుగేళ్లలో వాటిలో ఒక్కటి కూడా పాఠకుల చేతికి వెళ్లినట్టు రిజిస్టరులో లేదు. ఏడాదికి నూరు పుస్తకాలైనా కదలని విభాగాన్ని కోలారు గోదాముకు పంపాలన్నది నియమం. మార్చి 29, శనివారం, తనిఖీ అధికారి వస్తారు. అర తీసేసిన చోట పోటీ పరీక్షలకు చదివేవాళ్ల కోసం బల్లలు వేస్తారు.

ఆ రోజు సోమవారం, మార్చి 17. నేత్రావతికి నలభై ఒక్క ఏళ్లు. కోలారు దగ్గరి నరసాపురంలో బండ్ల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో తనిఖీ బల్ల దగ్గర పని. మొదటి షిఫ్టు రెండింటికి ముగుస్తుంది. కంపెనీ బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చింది.

గ్రంథాలయం చూసుకునే పురుషోత్తమ్ కోలారు మనిషి. ఇంట్లో తెలుగే మాట్లాడతాడు, చదవడం మాత్రం రాదు. తెలుగు పుస్తకాలను అట్ట మీది నంబర్లను బట్టి గుర్తుపడతాడు.

"ఏమి సార్ ఇది, నాలుగేండ్లు ఎవరూ చదవలేదని రాసినారు?"

"రిజిస్టర్లో ఉండేది రాసినానక్కా. సున్న ఉంటే సున్న రాస్తాను, కోటి ఉంటే కోటి రాస్తాను."

"అరలో ఎన్ని ఉండాయి?"

"అరవై ఒకటి."

"మిగిలినవి?"

"అది మీరు చెప్పాల. నూటయాభై మూడు యాడికి పోయినాయో! చదివేవాళ్లు లేరు గాని, ఎత్తుకపోయేవాళ్లు మాత్రం ఉండారు మీ లైన్లలో."

"పోలేదు సార్. తిరుగుతా ఉండాయి."

పురుషోత్తమ్‌కు అది అర్థం కాలేదు. అతను ఈ ఉద్యోగానికి వచ్చి ఏడాదిన్నర. నేత్రావతి కూర్చుని చెప్పింది.

ఆ గది ఒకప్పుడు కార్మికులు సొంతంగా పెట్టుకున్న చదువుల గది. గనిలో షిఫ్టు మారేటప్పుడు దిగిపోయేవాడు, వచ్చేవాడి కోసం పని చోటే ఆగేవాడు. ఏ దూలం కిర్రుమంటోంది, ఏ రంధ్రంలో మందు పేలలేదు, ఎక్కడ అడుగు వేయకూడదు అన్నది ఎదురుగా నిలబడి నోటితో చెప్పేవాడు. దాన్ని అప్పజెప్పడం అనేవారు. పుస్తకాలకూ అదే పద్ధతి పెట్టుకున్నారు. చదివినవాడు పుస్తకాన్ని తిరిగి అరలో పెట్టడు. అది ఎవరికి పనికొస్తుందో ఆలోచించి, ఆ మనిషిని వెతుక్కుంటూ వెళ్లి, ఇది ఏమిటో, నీకే ఎందుకు ఇస్తున్నానో చెప్పి చేతిలో పెడతాడు. పుస్తకాన్ని అరలో పెట్టాడంటే, దానికి తగిన మనిషి దొరకలేదని ఒప్పుకున్నట్టే. అది పుస్తకానికి అవమానం, పెట్టినవాడికీ అవమానం.

గనులు 2001లో మూతపడ్డాయి. గది ప్రభుత్వం చేతికి వెళ్లింది. రిజిస్టరు వచ్చింది. పద్ధతి మారలేదు.

"అంటే అరలో ఉండేవి ఎవరూ చదవనివి. చదివేవి బయట ఉండాయి," అన్నాడు పురుషోత్తమ్.

"ఊఁ."

"నేను చదవనివాటిని లెక్కపెట్టి, ఎవరూ చదవలేదని రాసినాను."

"అదే సార్."

అతను రిజిస్టరు మూసి పక్కన పెట్టాడు. "అక్కా, నమ్ముతాను. తనిఖీకి వచ్చే మేడమ్ నమ్మదు. శనివారం ఆమె ముందర ఆ పుస్తకాలు ఇక్కడికి రావాల. వాపసు వచ్చినట్టు రాసి, మళ్లీ పోయినట్టు రాస్తాను. కార్డు ఉండాల. కార్డుకు రెండు పుస్తకాలు. ఆధార్ జెరాక్సు తెస్తే కార్డు ఆ పొద్దే ఇస్తాను. నూరు కావాల. తొంభైతొమ్మిదైనా నా చేతిలో ఏమీ లేదు."

పన్నెండు రోజులు ఉన్నాయి.

నేత్రావతి చదివింది కన్నడ బడిలో. తెలుగు అక్షరాలు పంతొమ్మిదో ఏట నేర్చుకుంది. తండ్రికి ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము చేరి మంచం పట్టిన ఏడాది అది. ఎవరో ఆయనకు ఒక పుస్తకం అప్పజెప్పారు. ఆయన చూపు అప్పటికే తగ్గింది. ఆమె ఆయన దగ్గరే అక్షరాలు నేర్చుకుని, ఆయనకే చదివి వినిపించింది. పుస్తకం అయ్యాక ఎవరికి ఇవ్వాలో ఆయన చెప్పాడు, ఆమె ఇచ్చి వచ్చింది. అలా ఇరవై ఆరు పుస్తకాలు. ఆయన పోయాక కూడా జనం పుస్తకాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. ఆ ఇంట్లో ఆమె ఇప్పుడు ఒక్కతే. సాయంత్రం తలుపు తట్టేవాళ్లలో సగం మంది పుస్తకాల కోసం వచ్చేవాళ్లే.

మొదట మునివెంకటప్ప ఇంటికి వెళ్లింది. ఆయనకు డెబ్బై తొమ్మిది. గనిలో దూలాలు నిలబెట్టే పని చేశాడు. ఏ పుస్తకం మొదట ఎవరికి వెళ్లిందో చెప్పగలిగిన మనిషి లైన్లలో ఆయనొక్కడే. విషయం మొత్తం విన్నాడు.

"పేర్లు చెప్తాను, రాసుకో. అయితే నా దగ్గర ఉండే రెండు పుస్తకాలూ తీసుకపోయి ఆ బల్ల మీద పెట్టేది మాత్రం నా చేత కాదు."

"పెట్టకపోతే అన్నీ పోతాయి పెదనాయనా."

"పోనీ. బల్ల మీద పెట్టి పోయేది యాడి పద్ధతమ్మా? ఇదో, చూడు." ఎడమ చేయి చాపాడు. మూడు వేళ్లున్నాయి. "ముందు షిఫ్టువాడికి పెండ్లికి పోవాలని తొందర. ఇంగొకని చేత చెప్పంపినాడు. వాడు మరిచినాడు. పేలని రంధ్రంలో నేను గడ్డపార పెట్టినాను. ఎదురుగా నిలబడి చెప్పాల. బల్లకు చెప్తే బల్ల చెప్తాదా?"

నేత్రావతి ఆ చేతిని చూసింది. తర్వాత అడిగింది. "షిఫ్టు మారేటప్పుడు టైమాఫీసు గుమాస్తా ఏం చేస్తా ఉండె?"

"టోకెన్ చూసి రాసుకుంటా ఉండె. ఎవడు దిగినాడు, ఎవడు ఎక్కినాడు."

"ఆయన రాసుకుంటే మీ పద్ధతి చెడిందా?"

"వాడు రాసుకుంటే మాకేమి?"

"పురుషోత్తమ్ సార్‌ను టైమాఫీసు అనుకోండి. మీరు ఇచ్చే మనిషిని పిలుచుకొని రాండి. ఆ బల్ల ముందర నిలబడి అప్పజెప్పండి. ఆయన రాసుకుంటాడు. పుస్తకం అరలోకి పోదు."

మునివెంకటప్ప నవ్వలేదు. "మీ నాయన ఇట్లే. వద్దనేదానికి దారి మిగిలించడు," అన్నాడు. "రాసుకో."

మూడు గంటలు చెప్పాడు. ఆమె నోటుపుస్తకంలో పద్దెనిమిది పేజీలు నిండాయి.

మర్నాటి నుంచి ఆమె ఆ పేర్ల వెంట తిరిగింది. ఉదయం షిఫ్టు, మధ్యాహ్నం నుంచి తిరుగుడు. అందరినీ ఒకే ప్రశ్న అడిగింది: ఎవరికి ఇచ్చారు? పుస్తకం పేరు మరిచినవాళ్లు ఉన్నారు. ఇచ్చిన మనిషిని మరిచినవాళ్లు లేరు. అప్పుడు ఏం చెప్పి ఇచ్చారో కూడా వాళ్లకు గుర్తుంది. బస్సులో పక్క సీట్లో కూర్చునే సౌభాగ్య, అదే ఫ్యాక్టరీలో పెయింటు విభాగంలో పనిచేస్తుంది. బావులు తవ్వేవాడి కథ ఒకటి ఆమె చదివి తమ్ముడికి ఇచ్చింది.

"ఏం చెప్పి ఇస్తివి?"

"నీకు కోపం జాస్తి, వీనికీ కోపం జాస్తి, నూటపదో పేజీ దాకా ఓర్చుకో అని చెప్తిని."

"ఓర్చుకున్నాడా?"

"నూటతొమ్మిదిలో విసిరి కొట్టినాడంట. మళ్లీ తెల్లార్తో ఎత్తుకున్నాడు."

తమ్ముడు దాన్ని కోలారు టొమాటో మార్కెట్లో హమాలీ గోపాలప్పకు ఇచ్చాడు. శుక్రవారం మధ్యాహ్నం నేత్రావతి మార్కెట్‌కు వెళ్లింది. గోపాలప్ప క్రేట్లు దించుతున్నాడు. ఆపకుండానే మాట్లాడాడు.

"ఆ పుస్తకమా? తప్పు మనిషికి ఇచ్చినానమ్మా. కోపం ఉండేవాడని మండీ యజమాని కొడుక్కి ఇస్తిని. వాడికి కోపం కాదు, పొగరు. రెండూ వేరే. నెలకు వెనక్కి తీసుకున్నాను. ఇప్పుడు సరైన మనిషి దొరికినాడు. లారీ డ్రైవర్, మాలూరు వాడు. ప్రతి శనివారం వస్తాడు."

"29వ తేదీ శనివారం అతన్ని పిలుచుకొని ఉరిగాం రావాల అన్నా."

"శనివారమా? లోడు వచ్చే దినం." ఇంకో క్రేటు దించాడు. "ఎన్ని గంటలకు?"

ఎనిమిది రోజుల్లో ఆమె నూట ఇరవై ఒక్క పుస్తకాల జాడ తీసింది. వాటిలో పదకొండు చెదలు తిన్నాయి. మూడు పెళ్లికూతుళ్లతో హోసూరుకు వెళ్లాయి. ఒకటి బంగారుపేట స్టేషన్లో రైల్లోనే ఉండిపోయింది. అందుబాటులో ఉన్నవి నూట ఆరు. అయితే ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు ఇద్దరూ శనివారం రావాలి.

జాబితాలోని దూరపు పేరు కురుడుమలెలో ఉంది. చిన్నవెంకటమ్మ, డెబ్బై ఒక్క ఏళ్లు. ముళబాగిలు వెళ్లి, అక్కడి నుంచి ఇంకో బస్సు పట్టుకుని నేత్రావతి ఆదివారం ఆ ఇంటికి చేరింది. చిన్నవెంకటమ్మ పట్టుపురుగుల షెడ్డులో తట్టల మీద మల్బరీ ఆకు చల్లుతోంది. కోడలు చైత్ర ఆకు తరుగుతోంది.

"పుస్తకం నా దగ్గరే ఉండాది. పద్నాలుగు నెలలాయె," అంది చిన్నవెంకటమ్మ.

"చదవడం అయిపోలేదా అవ్వా?"

"నాకు చదువు రాదు. చెవులు ఉండాయి. ఈ కోడలు చదువుతాది, నేను పురుగులను మేపుతాను. ఒక పంట గూళ్లు కట్టేలోగా ముగిసిపోయె."

"మరి ఎవరికీ ఇయ్యలేదే?"

చైత్ర నవ్వింది. "అడగండక్కా, అడగండి. నేను అడిగితే తిడతాది."

చిన్నవెంకటమ్మ తట్ట మొత్తం ఆకుతో నింపింది. "ఇద్దరు అక్కచెల్లెండ్ల కథ. ఒకే గోడకు ఆ పక్క ఒకతి, ఈ పక్క ఒకతి. ముప్పై ఏండ్లు మాట్లాడరు. ఎవరికియ్యాలో నాకు తెలీకనా? మా చెల్లెలు ఉండాది, గురువమ్మ. మీ మారికుప్పంలోనే. చదువొచ్చు దానికి, అయిదో తరగతి."

"ఇయ్యాల్సింది కదా."

"నాతో మాట్లాడదు. నేనూ మాట్లాడను."

"ఎందుకవ్వా?"

"ఆవు."

"ఆవా?"

"ఆవే. అది చచ్చి పద్దెనిమిదేండ్లయింది. మేమింకా ఉండాము."

నేత్రావతి నోటీసు సంగతి చెప్పింది. పుస్తకం తనకు ఇచ్చి పంపితే బల్ల దగ్గర ఇంకెవరికైనా ఇస్తానంది. చిన్నవెంకటమ్మ ఆమెను పైనుంచి కింది దాకా చూసింది.

"నీకు అక్కచెల్లెండ్లు ఉండారా?"

"లేరు."

"అయితే ఇది నీది కాదు. ఇంగొకరిదీ కాదు. దానికే. అది వస్తే నేను వస్తాను."

ఆ సాయంత్రమే నేత్రావతి మారికుప్పం వెళ్లింది. గురువమ్మ పాలు కొలుస్తుంటే, ఆమె పేరున ఒక పుస్తకం ఉందని చెప్పింది. పేరు పెట్టి ఇచ్చే పుస్తకాన్ని వద్దనడం లైన్లలో లేదు. గురువమ్మకు ఆ సంగతి తెలుసు.

"ఎవరు ఇచ్చేది?"

నేత్రావతి చెప్పింది. గురువమ్మ కొలత చెంబును డబ్బా మీద బోర్లించింది.

"దానికి చదవను రాదే."

"వినిందంట."

"నేను చెప్తే ఎప్పుడూ వినలేదు," అంది గురువమ్మ. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

శనివారం నేత్రావతి సెలవు పెట్టింది. పదింటికి తనిఖీ అధికారి చంద్రిక వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. బల్ల పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. నియమం చదివి వినిపించింది. "అయిదున్నరకు రిజిస్టరు మూసి సంతకం చేస్తాను. నూరు ఉంటే ఉంటాది. లేకుంటే లారీ సోమవారం వస్తుంది. నాకు దీనిలో ఇష్టాయిష్టాలు లేవు."

మొదట మునివెంకటప్ప వచ్చాడు. తన రెండు పుస్తకాలకు ఇద్దరు మనుషులను వెంట తెచ్చాడు. బల్ల ముందు వాళ్లకు ఎదురుగా నిలబడ్డాడు. ఒకరికి, "ఇది కరువులో ఊరొదిలినోళ్ల కథ. నీ కొడుకు బెంగుళూరు పోయినాడని ఏడుస్తా ఉండావు కదా. చదువు, సిగ్గొస్తాది," అన్నాడు. పురుషోత్తమ్ రాశాడు: వాపసు ఒకటి, వెళ్లింది ఒకటి.

పదకొండు నుంచి వరుస వాకిలి దాటింది. జెరాక్సు అంగడి జయరాం రెండుసార్లు కాగితం కట్టలు తెప్పించాడు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు పుస్తకాలు మూసి వినసాగారు. గోపాలప్ప డ్రైవర్‌తో లారీలోనే వచ్చాడు. లోడు దించకముందే వచ్చినట్టున్నాడు, తొందరపడ్డాడు. "నీకు కోపం ఉండాది, పొగరు లేదు. అందుకే," అని చెప్పి బావుల పుస్తకం చేతిలో పెట్టాడు. డ్రైవర్ దాన్ని తిరగేసి చూశాడు. "ఎంత పెద్దదప్పా!" అన్నాడు. "చెక్‌పోస్టుల్లో నిలబడతావు కదా, అప్పుడు చదువు," అన్నాడు గోపాలప్ప.

చంద్రిక మొదట రిజిస్టరును చూసింది. తర్వాత మనుషులను చూసింది. ఒకసారి, "అందరూ ఇంతసేపు మాట్లాడాలా?" అని అడిగింది. "మాట్లాడకుంటే ఇచ్చినట్టు కాదు మేడమ్," అన్నాడు పురుషోత్తమ్.

మూడింటికి చిన్నవెంకటమ్మ చైత్రతో వచ్చి గోడ పక్కన బెంచీ మీద కూర్చుంది. నాలుగున్నరకు గురువమ్మ వచ్చింది. బల్లకు అవతల నిలబడింది.

చిన్నవెంకటమ్మ లేచింది. పుస్తకం చాపింది. గురువమ్మ చేయి చాపలేదు.

"ఏమిది? చెప్పాల కదా, చెప్పు," అంది గురువమ్మ.

"అక్కచెల్లెండ్ల కథ."

"ఎవరిది తప్పు అందులో?"

చిన్నవెంకటమ్మ చైత్ర వైపు చూడలేదు.

"ఇద్దరిదీ," అంది. "పెద్దది ముందు చేసింది."

గురువమ్మ పుస్తకం తీసుకుంది. "కార్డు లేదు నాకు," అంది పురుషోత్తమ్‌తో. అతను ఫారం నింపాడు. అక్క అడ్రసు చెప్పబోతే, "నా అడ్రసు నాకు తెలీదా?" అంది. అది అక్కతోనే అంది. చైత్ర ముఖం పక్కకు తిప్పుకుంది.

అయిదుంబావుకు వరుస అయిపోయింది. పురుషోత్తమ్ లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. ఎనభై ఎనిమిది.

నేత్రావతి వాకిట్లోకి వెళ్లి రోడ్డు చూసింది. ఎవరూ రావడం లేదు. ముగ్గురికి ఫోన్ చేసింది. ఇద్దరు రాలేమన్నారు, ఒకరు తీయలేదు.

పురుషోత్తమ్ ఆమెను పక్కకు పిలిచాడు. "అక్కా, గదిలో నలభై మంది ఉండారు. అందరికీ కార్డులో ఇంగొకటి పడతాది. అరలోవి పన్నెండు తీసి వాళ్ల పేర్న రాస్తాను. సోమవారం తెచ్చి పెట్టేయండి. అబద్ధం ఏమీ లేదు, పుస్తకం పోయింది, వచ్చింది."

మునివెంకటప్పకు ఆ మాట వినబడింది. "చదవనిదాన్ని ఎట్లిస్తావు? ఏముండాదని చెప్పి ఇస్తావు? తెలీని చోటును బాగుండాదని చెప్పి మనిషిని దించుతావా?"

"దించం," అంది నేత్రావతి.

ఆమె అర దగ్గరికి వెళ్లింది. అరవై ఒక్క పుస్తకాలు. మునివెంకటప్పకూ వాటిలో ఏముందో తెలియదు. అందుకే అవి అక్కడ ఉన్నాయి.

"పెదనాయనా, గనిలో ఇంకా కిందికి కొత్త లెవెల్ తవ్వినప్పుడు?"

"ఏమి?"

"అందులో ముందు షిఫ్టు ఉండదు కదా. అప్పజెప్పేది ఎవరు?"

మునివెంకటప్ప ఆలోచించాడు. చంద్రిక గడియారం చూసింది.

"ఎవరూ లేరు," అన్నాడు. "ఎవడో ఒకడు ముందు పోవాల. తట్టి చూసుకుంటా పోవాల. బయటికొచ్చి చెప్పాల. వాడే మొదటి షిఫ్టు."

"ఏమీ తెలీకనే పోతా ఉండిరా?"

"ఏమీ తెలీదని తెలిసి పోతా ఉంటిమి. అది వేరే."

నేత్రావతి అరలోంచి చేతికందిన పుస్తకం తీసింది. గదిలోకి తిరిగి చెప్పింది. "దీన్ని నేను చదవలేదు. మీరూ చదవలేదు. బాగుండాదని చెప్పను. మొత్తం చదివి, ఇది ఎవరిదో కనుక్కొని వాళ్లకు అప్పజెప్తాను. సోమవారం తెచ్చి పెట్టేది లేదు. ఇట్ల పోయేవాళ్లు ఉంటే రాండి. సుమ్నే, ఊరికే, పేరు రాసుకోవాలంటే వద్దు."

బల్ల దగ్గరికి వెళ్లి పుస్తకం ముందు పెట్టింది. పురుషోత్తమ్ రాశాడు. ఎనభై తొమ్మిది.

సౌభాగ్య తమ్ముడు ఒకటి తీశాడు. చైత్ర ఒకటి తీసింది. "లావుగా ఉండేది తీయే, ఇంగో పంట వస్తాది," అంది చిన్నవెంకటమ్మ. చైత్ర దాన్ని పెట్టేసి ఇంకోటి తీసింది. లోడు దించి, మిగిలినవాళ్లు ఏం చెప్తారో వినాలని తిరిగొచ్చిన డ్రైవర్, చేతిలో ఒకటి ఉండగానే ఇంకోటి తీసుకున్నాడు. పోటీ పరీక్షలకు చదివే అమ్మాయి ఒకామె అర ముందు నిలబడి, వేలితో అట్టల మీది అక్షరాలు కూడబలుక్కుని, ఒకటి బల్ల మీద పెట్టింది. "ఇది చదవడానికి నాకు ఏడాది పడతాది," అంది. "పడనీ," అంది నేత్రావతి.

చివర మునివెంకటప్ప లేచాడు. అరవై ఏళ్లుగా ఆయన ఆ అర నుంచి ఎవరూ చెప్పని పుస్తకం తీయలేదు. కింది వరసలో మూలన ఉన్నది తీసి, దుమ్ము తట్టి, ఎడమ చేతిలో పట్టుకుని బల్ల దగ్గరికి నడిచాడు.

అయిదున్నరకు చంద్రిక రిజిస్టరు తన వైపు తిప్పుకుంది. నూట ఏడు. ఒక్కొక్క వరుసా చూసింది, కార్డు నంబర్లు సరిపోల్చింది. సంతకం చేసింది. తెలుగు విభాగం కొనసాగాలని కింద రాసింది. "వచ్చే మార్చికి మళ్లీ నూరు," అంది.

"రెండు నూర్లు రాసుకోండి మేడమ్," అంది నేత్రావతి.

"నూరు చాలు," అంది చంద్రిక.

సోమవారం లారీ రాలేదు. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు దిగాక నేత్రావతి కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని పుస్తకం తీసింది. అది ఒక ఊరి పోస్టుమాస్టరు వాన కొలతల గురించి. ముప్పై పేజీల దాకా వాన కూడా పడలేదు. కోలారు దాటేసరికి నలభై రెండో పేజీలో ఉంది.

"ఎట్లుండాదక్కా?" అంది సౌభాగ్య.

"బాగలేదు."

"అయితే వదిలేయ్. అరవై ఒకటిలో అదే దొరికిందా నీకు?"

"నాకు బాగలేదు. ఎవరికి బాగుంటాదో ఇంకా తెలీలేదు."

"తెలియకపోతే?"

"రెండు వందల పది పేజీలు ఉండాది," అంది నేత్రావతి. పేజీ తిప్పింది.